అరపావు రీడింగు

(తాడేపల్లిగూడెం, 2009 జూన్ 30. కాలేజీ సెమినార్ హాలులో తన పదవీ విరమణ సభలో ఫిజిక్స్ విభాగం అధిపతి బాపిరాజు గారు చివరగా మాట్లాడినది.)

సభాధ్యక్షులు, మన ప్రిన్సిపాల్ శ్రీహరి గారికి, ఏలూరు నుంచి శ్రమపడి వచ్చిన పెద్దలకి, ముప్పై ఏళ్ళుగా నాతోపాటు సుద్దముక్కల పొడి పీల్చిన సహాధ్యాపకులకి, ఆఫీసు వాళ్ళకి, లాబ్ మిత్రులకి, మబ్బు పట్టింది, ఎప్పుడు వదుల్తారా అని కిటికీల వైపు చూస్తున్న విద్యార్థులకి, ముందు వరసలో కూర్చుని తొందరగా ముగించమని కళ్ళతోనే చెబుతున్న మా ఆవిడ రాజ్యానికి నా నమస్కారాలు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడిన వాళ్ళందరూ నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. కెమిస్ట్రీ రాజకుమారి మేడమ్ గారు నన్ను నిప్పులాంటి మనిషి అన్నారు, పరీక్షల డ్యూటీ విషయంలో నాతో పోట్లాడినప్పుడు ఆవిడ అన్న మాట వేరే లెండి, ఆ మాట ఇక్కడ చెప్పను. (నవ్వులు) ఆఫీసు సూపర్నెంటు అప్పారావు గారు ఇంకో అడుగు ముందుకేసి, ఇన్నేళ్ళ సర్వీసులో బాపిరాజు గారు ఒక్క తప్పుడు కాగితం మీద కూడా సంతకం పెట్టలేదని చెప్పి చప్పట్లు కొట్టించారు. మీరు చప్పట్లు కొడుతుంటే నేను తల వంచుకుని కూర్చున్నాను, వినయం అనుకుని ఉంటారు. ఒకటి పెట్టానండి, అప్పారావు గారూ. ఆ కాగితం సంగతి చెప్పకుండా ఈ శాలువా కప్పుకుని ఇంటికి వెళ్ళలేను, అందుకని నాకిచ్చిన పది నిమిషాలూ దానికే వాడుకుంటాను. కాస్త ఎక్కువైనా ఓర్చుకోండి, రేపటి నుంచి నన్ను భరించాల్సింది రాజ్యం ఒక్కతే.

రెండువేల ఒకటిలో ఢిల్లీ గ్రాంటుతో మన డిపార్టుమెంటుకి లేజర్ వచ్చింది. పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, లారీ మీంచి ఆ పెట్టె దింపడానికి ఉల్లిపాయల మార్కెట్ నుంచి హమాలీలని పిలిపించాం, అందులో ఒకాయన దీంట్లో ఏముందండీ అని అడిగితే వెలుతురయ్యా అన్నాను, వెలుతురు ఇంత బరువుంటుందాండీ అన్నాడాయన. (నవ్వులు) నేను కూడా నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆ యంత్రం నాదని అందరూ అంటారు గానీ నడిపింది నేను కాదు, అబ్దుల్ మజీద్ గారు. అదుగో, ఆ స్తంభం పక్కన కూర్చున్నారు, ముందుకి రమ్మంటే రారు. మన లాబ్ టెక్నీషియన్, ఏలూరు నుంచి రోజూ పాసింజర్ బండిలో వస్తారు. వాళ్ళ నాన్నగారు తివాచీలు నేసేవారు, ఈయన కూడా చిన్నతనంలో మగ్గం ముందు కూర్చుని ఊలు పోగులు లెక్కపెట్టినవారే, అందుకే అద్దం వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆయన కంటికి తెలిసిపోతుంది. లేజర్ వచ్చిన ఆర్నెల్లకల్లా ఆయన చెయ్యి పెడితే గానీ అది మాట వినేది కాదు.

ఆ రోజుల్లోనే గుండుగొలను నుంచి అబ్బులు అనే ఆయన మన లాబ్‌కి వచ్చాడు. రేకు పని చేసేవాడు, గరాటులు, డబ్బాలు, ట్రంకు పెట్టెలు చేసి సంతల్లో అమ్మేవాడు. సొంత బుర్రతో ఒక ఊక పొయ్యి చేశాడు. మన దగ్గర మిల్లులు ఎన్ని ఉన్నాయో, ఊక ఎంత పడి ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, కాకపోతే ఊక పొయ్యి అంటే ఇల్లంతా పొగ. ఈయన చేసిన దాంట్లో పొగ లేదు. రేకు గొట్టం లోపల ఇంకో గొట్టం పెట్టి, పై అంచు చుట్టూ మేకుతో చిల్లులు పొడిచాడు, అక్కడ గాలి తగిలి పైన నీలం మంట వచ్చేది. కొల్లేరు లంక గ్రామాల్లో ఇంటింటికీ పొగ లేని పొయ్యిలు ఇచ్చే పథకం ఒకటి అప్పుడు నడుస్తోంది, అబ్బులు పొయ్యి వాళ్ళకి నచ్చింది, మంటలోంచి కార్బన్ మోనాక్సైడ్ ఎంత వస్తుందో మన కాలేజీ చేత కొలిపించి రిపోర్టు తెమ్మన్నారు. ఆయన ఆ పొయ్యిని గోనెపట్టాలో చుట్టి బస్సు టాపు మీద వేసుకుని వచ్చాడు. కూడా ఆయన భార్య దానమ్మ గారు, ఒళ్ళో ఊక బస్తాతో.

ఎలా కొలుస్తామో రెండు ముక్కల్లో చెబుతాను, మా ఫిజిక్సు వాళ్ళు నిద్రపోవచ్చు. కంటికి కనపడని ఒక రకం లేజర్ వెలుతురుని మంటలోకి పంపుతాం. మోనాక్సైడ్ ఆ వెలుతురు తీసుకుని తను కాస్త మెరుస్తుంది. ఎంత మెరిసిందో చూసి ఎంత ఉందో లెక్కేస్తాం. అంతే. లేజర్ బలాన్ని సగానికి తగ్గిస్తే ఈ మెరుపు పావు వంతుకి పడిపోవాలి, అది దాని లక్షణం. సరిగ్గా పావు వస్తోందంటే మనం చూస్తున్నది మంటలో ఉన్నదాన్నేనని ధైర్యం.

ఆ మెరుపుని పట్టే మన డిటెక్టరు ఇక్కడి కరెంటు దెబ్బలకి అప్పటికే నీరసించి ఉంది, మెరుపు సరిగా కనపడేది కాదు. మర్నాడు పథకం కమిటీ వాళ్ళు వస్తున్నారు, తెర మీద గీత బలంగా కనపడాలి. లేజర్ బలం పెంచెయ్యమన్నాను. మజీద్ గారు పెంచారు. గీత లేచి నిలబడింది, నాకు చాలా సంతోషమేసింది. కాసేపటికి ఆయన రఫ్ బుక్కు పట్టుకుని నా గదికి వచ్చారు. ఆయన అన్న మాట నాకు ఈ రోజుకీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సార్, సిలిండర్‌లో తెప్పించిన మోనాక్సైడ్ మీద సగానికి తగ్గిస్తే పావు వస్తోందండీ. పొయ్యి మంట మీద పావు రావట్లేదండీ, అందులో సగం, అరపావే వస్తోంది. నాలుగుసార్లు చూశానండీ."

నేను తలెత్తకుండా, డిటెక్టరు అలిసిపోయింది, ఆ రీడింగులు కొట్టెయ్యండి అన్నాను.

విద్యార్థులు నవ్వుతున్నారు. నవ్వండి, మీకు తెలుసు. మన ప్రాక్టికల్సు సంగతి ఈ హాల్లో ఎవరికి తెలియదు? పెన్సిలుతో రఫ్ బుక్కు, ఇంకుతో ఫెయిర్ రికార్డు. ఫార్ములా ప్రకారం ఎంత రావాలో ముందే చూసుకుని, అక్కణ్ణించి వెనక్కి లెక్క కట్టి రీడింగు వెయ్యడం, కుదరని రీడింగుని రబ్బరుతో చెరిపెయ్యడం, ఇది మీకు ఎవరు నేర్పారు? మేమే నేర్పాం. చూసీచూడనట్టు మార్కులు వేసిన ప్రతిసారీ నేర్పాం. నాకు మా మేస్టారు నేర్పారు. అందువల్ల ఆ రోజు నేను అబద్ధం ఆడుతున్నానని నాకు అనిపించనే లేదండి, నా ఉద్యోగం నేను చేస్తున్నాననే అనిపించింది. మజీద్ గారు మాత్రం కొట్టెయ్యలేదు. పక్కన చిన్న గీత గీసి, "సార్ వద్దన్నారు" అని పెన్సిలుతో రాసి ఉంచారు. ఫెయిర్ రికార్డులోకి అవి ఎక్కలేదు.

మోనాక్సైడ్ హద్దుకి మూడింతలు ఉందని రిపోర్టు రాశాను. సంతకం నాది. పథకం వాళ్ళు పొయ్యి వద్దన్నారు. అప్పటికే అబ్బులు చేసి పెట్టుకున్న పొయ్యిలు ఆయన పాకలో వరసగా ఉన్నాయట. సరే, అది వ్యాపార నష్టం, ఎవరికైనా వస్తుంది అని సర్దుకోవచ్చు. నేను ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నది దాని గురించి కాదు.

రిపోర్టు కాపీ తీసుకోవడానికి వచ్చిన రోజున ఆయన నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఈ గ్యాసు ఎందుకు చెడ్డదో నేను క్లాసు చెప్పినట్టు చెప్పాను, రంగుండదు, వాసనుండదు, మూసిన గదిలో నెమ్మదిగా మనిషిని తినేస్తుంది, ముసలివాళ్ళకీ గుండె బలం లేనివాళ్ళకీ మరీ ప్రమాదం అని. అంతా విన్నాడు. విని, "మా అమ్మ ఏడాదిన్నర ఆ పొయ్యి దగ్గరే కూచునేదండీ. మొన్న శ్రావణంలో పోయిందండీ. దానివల్లేనాండీ?" అని అడిగాడు.

నేను డాక్టర్ని కాదు. ఆవిడ జబ్బేమిటో నాకు తెలియదు. ఆ ఇంటికి కిటికీలున్నాయో లేవో తెలియదు. తెలియదు అనాల్సింది. ఎదుటి మనిషి మన ముందు చేతులు కట్టుకుని నిలబడి అడుగుతుంటే తెలియదు అనడం మన వృత్తిలో ఎంత కష్టమో వేదిక మీద ఉన్నవాళ్ళకి తెలుసు. "అయి ఉండొచ్చు" అన్నాను. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మూడేళ్ళు గడిచాయి. రెండువేల నాలుగులో తేజస్వి అని నా దగ్గర పరిశోధన చేసిన అమ్మాయి, అత్తిలి అమ్మాయి, ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉండాలి, మజీద్ గారి పాత రఫ్ బుక్కు తిరగేస్తూ ఆ అరపావు దగ్గర ఆగిపోయింది. నన్ను అడిగితే డిటెక్టరు అన్నాను. ఆ పిల్ల ఊరుకోలేదు. అబ్బులు వదిలేసి వెళ్ళిన పొయ్యి ఇంకా లాబులోనే ఉంది, దాన్ని వెలిగించి, మజీద్ గారిని పక్కన పెట్టుకుని, లేజర్ బలం తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ కొలిచింది. బలం తగ్గుతున్న కొద్దీ మోనాక్సైడ్ కూడా తగ్గిపోతూ వచ్చింది. మంట అదే, ఊక అదే. జరిగిందేమిటంటే, ప్రతి మంటలోనూ మామూలుగా ఉండే కార్బన్ డయాక్సైడ్ ఉంది చూశారూ, అది వేడిగా ఉన్నప్పుడు మా లేజర్ వెలుతురు గట్టిగా తగిలితే విరిగిపోయి మోనాక్సైడ్ అవుతుంది. మా వెలుతురే దాన్ని పుట్టిస్తోంది, ఆ వెలుతురే దాన్ని లెక్కపెడుతోంది. అందుకే బలం సగం చేస్తే రెండు దెబ్బలూ తగిలి, పావు రావాల్సిన చోట అరపావు వచ్చింది. కొల్లేరులో నీళ్ళు ఎలా ఉన్నాయో చూద్దామని పడవ గెడ పెట్టి అడుగంతా కలియబెట్టి, నీళ్ళు బురదగా ఉన్నాయని రాసుకొచ్చిన వాడెలాంటివాడో నేనూ అలాంటివాణ్ణి. మేం రాసిన విషంలో ముప్పాతిక వంతు మేం చేసిందే. నిజంగా పొయ్యిలోంచి వచ్చేది హద్దుకి లోపలే ఉంది.

ఆ రోజే బస్సెక్కి గుండుగొలను వెళ్ళాల్సింది. వెళ్ళలేదండి. ఆ ఏడే నాకు విభాగం బాధ్యత ఇస్తారన్నారు. గ్రాంటు రెండో విడత రావాల్సి ఉంది. మొదటి విడత ఫలితాలు తప్పని ఎలా రాస్తాం? రేపు రాద్దాం, గ్రాంటు వచ్చాక రాద్దాం, తేజస్వి థీసిస్ అయ్యాక రాద్దాం అనుకున్నాను. థీసిస్ చివర్లో, మునుపటి కొలతల్లో కొంత కాంతి రసాయన ప్రభావం కలిసి ఉండవచ్చునని ఇంగ్లీషులో ఒక వాక్యం పెట్టించి చేతులు దులుపుకున్నాను. గుండుగొలనులో ఆ థీసిస్ ఎవరు చదువుతారండీ? తేజస్వి ఆ వాక్యం దగ్గర నాతో వాదించింది. గైడు మాట కాబట్టి ఊరుకుంది. అమ్మా, నీ చేత కూడా తప్పు చేయించాను.

ఏలూరు నుంచి ఇక్కడికి నా బస్సు రోజూ గుండుగొలను మీదుగానే వస్తుంది. ఆ సెంటరు దగ్గర ఆగినప్పుడల్లా నేను అటువైపు కిటికీలోంచి చూడకుండా పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. నాలుగేళ్ళు అలా వచ్చాను. ఆ పేపరు మజీద్ గారు చూడలేదు, ఆయన రైల్లో వస్తారు కదా. అయినా ఆయనకి తెలుసు. ఏడాదికి రెండుసార్లు, ఏదో లాబ్ సామాను ఇండెంటు మీద సంతకం కోసం వచ్చినట్టు వచ్చి, సార్, ఒకసారి వెళ్ళొద్దామాండీ అనేవారు. ఎక్కడికని నేను అడిగేవాణ్ణి కాదు.

నిరుడు డిసెంబరులో వెళ్ళాం. మేం వెళ్ళేటప్పటికి అబ్బులు పోయి నలభై రోజులైంది. రేకు పని మానేసి కొల్లేట్లో చేపల చెరువు మీద కాపలాకి కుదిరాడట, తర్వాత సర్కారు వాళ్ళు ఆ చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆ పనీ పోయిందట, ఇంటికి వచ్చి జ్వరాలతో మంచం పట్టాడట. దానమ్మ గారు మాకు బల్ల వేసి మంచినీళ్ళిచ్చారు. పొయ్యిల సంగతి నేను ఎత్తలేదు, ఆవిడే చెప్పారు. రిపోర్టు తెచ్చిన రోజునే ఆయన పాకలోకి వెళ్ళి సుత్తి పెట్టి అన్నీ చితక్కొట్టేశాడట, ఒక్కటి కూడా ఉంచలేదట. దానమ్మ గారి చేత మళ్ళీ కట్టెల పొయ్యి పెట్టించాడట. ఆవిడ ఏ కోపమూ లేకుండా చెప్పుకుంటూ వచ్చి, చివరికి ఈ మాటన్నారు: "మా అమ్మని నా చేత్తో నేనే చంపుకున్నానే అనేవాడండీ. పోయేదాకా అదే మాటండీ."

నేను ఏం చెప్పడానికి వెళ్ళానో మీకు తెలుసు కదా. చెప్పలేదు. వితంతు పింఛను వస్తోందా అని అడిగాను. కాగితం ఏదైనా ఉంటే పంపించమన్నాను. గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. తిరుగు బస్సు ఏలూరు బస్టాండులో దిగాక మజీద్ గారు, "వస్తానండీ" అని మాత్రం అన్నారు. అంత మర్యాదస్తుడి చేత అంత పొడిగా ఆ మాట అనిపించుకున్నాను.

ప్రిన్సిపాల్ గారు చీటీ పంపించారు, టైము అయిందని. అయిందండి, నాకూ తెలుసు, చాలా ఆలస్యమే అయింది. (హాల్లో కదలిక) ఇంకొక్క విషయం మీకు చెప్పకుండా చేశాను శ్రీహరి గారూ, పెద్దమనసుతో క్షమించాలి. రెండువేల ఒకటి నాటి రిపోర్టు తప్పని, తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో, ఎవరు ఆ రోజే పట్టుకున్నారో రాసి, ఈ ఉదయం రిజిస్టర్డ్ పోస్టులో పథకం జిల్లా ఆఫీసుకీ, గ్రాంటు ఇచ్చిన ఢిల్లీ వాళ్ళకీ, ఆ కొలతల మీద మేం రాసిన వ్యాసం అచ్చువేసిన పత్రికకీ పంపించాను. కాలేజీ పేరు పోతుందని మీరు బాధపడతారు. పోయేది నా పేరు. దానికి జతగా మజీద్ గారి రఫ్ బుక్కు పేజీలు జిరాక్సు తీయించి పెట్టాను, ఆయన పేరు స్పష్టంగా రాశాను.

ఇక ఒక్కరితో మాట్లాడాలి. దానమ్మ గారు ఈ సభకి వచ్చారు. మజీద్ గారు వెళ్ళి తీసుకొచ్చారు, ఎందుకో ఆవిడకి చెప్పలేదు, చెప్పొద్దని నేనే అన్నాను, ఆ పని మళ్ళీ ఇంకొకరి మీదికి తోసెయ్యకూడదని. అమ్మా, వెనక వరసలో ఉన్నారు, మీరు లేవక్కర్లేదు, కూర్చోండి. ఇందాకటి నుంచి నేను ఇంగ్లీషు మాటలు కలిపి ఏవేవో చెప్పాను, మీకు అర్థమైందో లేదో, అందుకని మామూలు మాటల్లో చెబుతున్నాను. మీ ఆయన చేసిన పొయ్యి మంచిది. దాంట్లో నేను రాసినంత విషం లేదు, ఆ విషం మా మిషను చేసింది. మీ అత్తగారు ఆ పొయ్యి వల్ల పోయారని అనుకోవడానికి నా కాగితం తప్ప ఇంకే ఆధారమూ లేదు, ఆ కాగితం తప్పు. మీ ఆయన వాళ్ళమ్మని చంపుకోలేదు. ఆ సంగతి నాకు అయిదేళ్ళ కిందటే తెలుసు. ఆయన బతికుండగా నాలుగేళ్ళు తెలిసీ చెప్పలేదు. మీ ఇంటికి వచ్చి, మీ చేతి మంచినీళ్ళు తాగి కూడా చెప్పలేదు.

(వెనక వరసలో ఒకావిడ లేచి నిలబడి ఏదో అన్నారు.)

మైకు అక్కడిదాకా లేదు, అందరికీ వినపడి ఉండదు. ఆవిడ అన్నది నేను చెబుతాను. "ఆయనున్నప్పుడు చెప్తే బాగుండేదండీ" అంటున్నారు. అంతే అన్నారు.

చెప్పాల్సిందమ్మా.

నన్ను ఇన్నేళ్ళు భరించిన మీ అందరికీ, ఇంతసేపు విన్నందుకు, కృతజ్ఞతలు. చప్పట్లు కొట్టకండి, దయచేసి. సెలవు.